కోతి రిపోర్టును మనిషి లెక్కలతో చదవకండి

సంపాదకుల వారికి,
నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో 31 ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. అందులో 22 ఏళ్లు జంతుశాలలోని కోతుల రక్తం, మూత్రం పరీక్షలు చేశాను. పుట్టింది చంద్రగిరి పక్కన పల్లెలో. ఇప్పుడు తిరుపతిలో, కపిలతీర్థానికి దగ్గర్లో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. పోయిన నెల మా వీధిలో జరిగిన సంగతి చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

మూడేళ్లు కూడా నిండని మగ కోతిపిల్ల ఒకటి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తీగె పట్టుకుంది. ఎడమ చెయ్యి మోచేతి కింద నల్లగా మాడిపోయింది. మా వీధి కుర్రాళ్లు నలుగురు దాన్ని గోనెసంచిలో చుట్టి, అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేసి చెప్పి, పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన కట్టు కట్టి, ఇంజెక్షన్లు ఇచ్చి, రక్తం తీశారు. అప్పటికే సాయంత్రమైంది కాబట్టి ఆ శాంపిల్ దగ్గర్లో ఉన్న మనుషుల ల్యాబుకే వెళ్లింది. మెషిన్ నంబర్లు ఇచ్చింది, కంప్యూటర్ పక్కన మనుషుల నార్మల్ వేల్యూలు అచ్చేసింది. ఎక్కువైన చోట హెచ్, తక్కువైన చోట ఎల్. డాక్టరు చూడకముందే కౌంటర్లో ఎవరో ఆ కాగితం చదివి, షుగర్ ఉంది, లివర్ పాడైంది అని కుర్రాళ్లకు చెప్పేశారు.

ఐదో రోజు వాళ్లు నా దగ్గరికి వచ్చారు. "అవ్వా, దీనికి షుగర్ ఉందంట. అరటిపండ్లు ఆపేసినాం. ఇప్పుడు ఏం పెట్టినా తినడం లేదు, మూలకు ముడుచుకొని పడుంది" అన్నాడు వాళ్లలో పెద్దవాడు. వాడి కళ్లలో నీళ్లు. నాలుగు రోజులుగా కాలిన ఒంటితో ఉన్న పిల్లకు రాగిసంకటి, కాకరకాయ ముక్కలు పెడుతున్నారు. వాళ్లు ప్రేమతోనే చేశారు. చేతికొచ్చిన కాగితాన్ని నమ్మారు.

ఆ రిపోర్టు ఇప్పటికీ నా దగ్గరుంది. గ్లూకోజ్ 172, హెచ్. తెల్లకణాలు 16,800, హెచ్. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 410, హెచ్. లివర్‌లోనూ కండలోనూ ఉండే ఎస్‌జీఓటీ అనే ఎంజైమ్ 212, హెచ్. యూరిక్ యాసిడ్ 0.4, ఎల్. ఎర్రకణం సైజు చెప్పే ఎంసీవీ 71, ఎల్. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.2 దగ్గర ఏ గుర్తూ లేదు.

గుర్తులు పడ్డవాటిలో ఎక్కువ భాగం ఆ పిల్లకు జబ్బే కాదు. మామూలు కోతి గ్లూకోజ్ పరగడుపున మనకంటే కాస్త తక్కువగానే ఉంటుంది, 50 నుంచి 90 మధ్య. కానీ షాక్ తగిలి, గోనెసంచిలో గింజుకుని, నలుగురు పట్టుకుంటే సూది గుచ్చించుకున్న కోతికి 172 రావడంలో వింత లేదు. భయపడ్డ ఒంట్లో అడ్రినలిన్ పొంగి, లివర్‌లో దాచిన గ్లూకోజ్‌ను రక్తంలోకి తోస్తుంది. రక్తనాళాల గోడలను అంటిపెట్టుకుని ఉన్న తెల్లకణాలు కూడా ఆ అదురుకు ప్రవాహంలోకి వచ్చేస్తాయి. అందుకే 16,800. గాయం వల్ల కూడా కొంత పెరిగి ఉండొచ్చు, కానీ ఆ ఒక్క అంకె చూసి ఇన్ఫెక్షన్ అని తేల్చకూడదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ లివర్ నుంచే కాదు, ఎముకల నుంచి కూడా వస్తుంది. ఎదిగే వయసు కోతిపిల్లల్లో కొన్ని వందలు ఉండటం మామూలే. ఎదిగే మనిషి పిల్లల్లోనూ పెద్దవాళ్ల కంటే ఎక్కువే ఉంటుంది, అది ల్యాబు వాళ్లకు తెలియనిది కాదు. ఎంసీవీ 71 అంటే రక్తహీనత కాదు, కోతి ఎర్రకణమే మన కణం కంటే చిన్నది. యూరిక్ యాసిడ్ సంగతి మరీ తేలిక. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ మనిషికి లేకుండా పోయింది, ఈ జాతి కోతుల్లో ఇంకా కొంత మిగిలి ఉంది. కాబట్టి వాటి రక్తంలో యూరిక్ యాసిడ్ ఒకటి లోపే ఉంటుంది.

నన్ను భయపెట్టింది గుర్తు పడని అంకె. పెద్ద మనిషికి క్రియాటినిన్ 0.7 నుంచి 1.3 దాకా నార్మల్ అని ఆ కాగితం మీద ఉంది కాబట్టి 1.2 అందులో ఒదిగిపోయింది. క్రియాటినిన్ కండ నుంచే వస్తుంది. మూడు కిలోల పిల్లకోతికి కండ ఎంత ఉంటుంది? ఆ వయసు కోతుల్లో నేను చూసినవి ఎక్కువగా 0.5 నుంచి 0.8 మధ్యే. అంటే 1.2 దానికి ఎక్కువే. కరెంటు షాక్ తగిలినప్పుడు లోపల కండ కాలిపోతుంది. ఆ కండలోని మయోగ్లోబిన్ రక్తంలో కలిసి కిడ్నీల్లో అడ్డం పడుతుంది. ఎస్‌జీఓటీ 212 కూడా లివర్ నుంచి వచ్చింది కాదు, మాడిన కండ నుంచే వచ్చిందని నాకనిపించింది. నేను కుర్రాళ్లను ఒకే ప్రశ్న అడిగాను: "మొదటి రెండు రోజులు ఒంటికి ఏ రంగులో పోసిందిరా నాయనా?" వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "టీ డికాషన్ మాదిరి ఉన్నిందవ్వా. గోనెసంచి మీద మరకలు కూడా పడినాయి. రక్తమేమో అనుకున్నాం."

మూత్ర పరీక్ష ఎవరూ చేయలేదు. చేసి ఉంటే స్ట్రిప్ మీద రక్తం ఉన్నట్టు రంగు మారేది, మైక్రోస్కోపు కింద మాత్రం ఎర్రకణాలు కనపడేవి కావు. ఆ తేడా చూస్తే అది కండ నుంచి వచ్చిన రంగేమోనని అప్పుడే అనుమానం వచ్చేది. మొదటి రోజే సెలైన్ బాగా ఎక్కించేవాళ్లు. ఆ సాయంత్రమే డాక్టరుగారికి ఫోన్ చేసి నాకు తెలిసింది చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. మర్నాడు, కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే పరీక్ష చేయిస్తే ఆరో రోజున కూడా మామూలు కంటే చాలా ఎక్కువుంది. సెలైన్ పెట్టారు, అరటిపండ్లు, నానబెట్టిన శనగవిత్తులు మళ్లీ మొదలుపెట్టాం. వారానికి క్రియాటినిన్ 0.7కి దిగింది. చెయ్యి మాత్రం దక్కలేదు, మోచేతి దాకా తీసేశారు. ఇప్పుడు అటవీశాఖ వాళ్ల సంరక్షణలో ఉంది. ఒంటి చేత్తో శనక్కాయ వలుచుకుని తింటోందని మొన్న కుర్రాళ్లు వచ్చి చెప్పారు.

ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి ఇది రాయడం లేదు. ఆ ల్యాబులో మెషిన్ తప్పు చదవలేదు. ఆ అంకె ఎవరి అంకెతో పోల్చాలో తెలియకపోవడమే వచ్చిన చిక్కు.

నార్మల్ వేల్యూ అనే మాటను జనం దేవుడు రాసిన గీత లాగా అనుకుంటారు. దాన్ని ఎట్లా కడతారో చెబుతాను. ఆరోగ్యంగా ఉన్నవి కనీసం 120 జంతువులనైనా తీసుకుని, ఒకే పద్ధతిలో రక్తం తీసి, ఒకే మెషిన్ మీద చేసి, వచ్చిన అంకెల్లో కింద రెండున్నర శాతం, పైన రెండున్నర శాతం వదిలేస్తే మిగిలిన మధ్య భాగమే నార్మల్. అంటే ఆరోగ్యంగా ఉన్న ప్రతి 20 కోతుల్లో ఒకటి ఎప్పుడూ ఆ గీత బయటే ఉంటుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేయిస్తే, ఏ జబ్బూ లేని జంతువుకు ఏదో ఒకదాని దగ్గర గుర్తు పడే అవకాశం 64 శాతం. ఇది మనుషుల రిపోర్టులకూ వర్తిస్తుంది. ఒక్క హెచ్ చూసి రాత్రంతా టెన్షన్ పడే మా వీధి ఆడవాళ్లకు నేను ఇదే చెబుతుంటాను.

ల్యాబు కోతుల దగ్గర ఈ గీత ఇంకా చంచలంగా ఉంటుంది. మా దగ్గర రీసస్ జాతి ఆడకోతి ఒకటి ఉండేది. దాన్ని చూసుకునే అటెండరు లచ్చి అని పిలిచేవాడు. మొదట్లో బోను వెనక గోడను ముందుకు లాగి, అది కదలకుండా నొక్కిపెట్టి రక్తం తీసేవాళ్లం. అట్లా తీసిన ఒకరోజు గ్లూకోజ్ 131, తెల్లకణాలు 14,900. తర్వాత ఆ అటెండరే నాలుగు నెలలు ఓపిగ్గా, అరటి ముక్క చూపించి, చెయ్యి బయట పెట్టడం నేర్పించాడు. అప్పుడు అదే లచ్చికి గ్లూకోజ్ 64, తెల్లకణాలు 7,200. కోతి మారలేదు, ఆహారం మారలేదు. మేము పట్టుకునే తీరు మారింది. కెటమిన్ మత్తిచ్చి తీస్తే అంకెలు మరో రకంగా వస్తాయి, తెల్లకణాల్లో ఒక రకమైన లింఫోసైట్లు, హిమోగ్లోబిన్ కాస్త కిందికి దిగుతాయి. అందుకే మా రిజిస్టర్‌లో ప్రతి అంకె పక్కన ఎట్లా పట్టుకున్నాం, మత్తు ఇచ్చామా లేదా, ఎన్ని గంటలకు తీశాం అని మూడు గళ్లు ఉండేవి. ఆ మూడు గళ్లు నింపని అంకెను మా పెద్ద సారు లెక్కలోకి రానిచ్చేవారు కాదు.

మూత్రం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బోను కింద ట్రేలో రాత్రంతా పడ్డ మూత్రంలో దాణా పొడి, పెంట కలుస్తాయి. ఆ కాస్త కలిసినా స్ట్రిప్ మీద ప్రోటీన్ ఉన్నట్టు వస్తుంది. వేడిలో నిలవుంటే సూక్ష్మజీవులు యూరియాను అమ్మోనియాగా మార్చి పీహెచ్ పెంచేస్తాయి. అసలే కోతి మూత్రం మనకంటే ఎక్కువగా క్షారం వైపు ఉంటుంది, ఏడు, ఎనిమిది కూడా కనపడుతుంది. చేరిన కొత్తలో ఒక ఆడకోతి మూత్రంలో రక్తం చూసి, కిడ్నీ జబ్బని రాసి, పరుగున వెళ్లి సారుకు చూపించాను. ఆయన నన్ను కోప్పడలేదు. "అమ్మా, పోయిన నెల ఇదే తారీఖు రిజిస్టర్ తియ్యి" అన్నారు. తీస్తే అదే రక్తం. ఆడ రీసస్‌కు మనలాగే దాదాపు 28 రోజులకు ఒకసారి బహిష్టు వస్తుంది. ఆడదాన్నై ఉండి నాకు తట్టలేదే అని ఆ రోజు చాలా బాధపడ్డాను. ఆ తర్వాత ప్రతి ఆడకోతి బోనుకూ ఒక చిన్న క్యాలెండర్ కట్టాను.

ఇక అసలు విషయం. పుస్తకాల్లో, రిపోర్టుల్లో దొరికే కోతి నార్మల్ వేల్యూలు చాలా వరకు రీసస్ కోతివి. అది ఉత్తర భారతం కోతి, తోక పొట్టి, పిర్రలు ఎర్రగా ఉంటాయి. లోకంలోని ఎన్నో ల్యాబులు దాని రక్తం మీదే పాఠాలు నేర్చుకున్నాయి. మన బ్లడ్ గ్రూపు పక్కన పాజిటివ్, నెగటివ్ అని రాసే ఆర్‌హెచ్ అక్షరాలు ఆ రీసస్ పేరులోవే, 1940లో లాండ్‌స్టైనర్, వీనర్ ఆ పేరు పెట్టారు. పోలియో టీకా కోసం మన దేశం నుంచి లెక్కలేనన్ని రీసస్‌లు ఓడలెక్కి, విమానాలెక్కి పోయాయి. 1978లో మన ప్రభుత్వం ఎగుమతి ఆపేసింది. 2020లో కోవాగ్జిన్‌ను కూడా పుణెలో 20 రీసస్‌ల మీద పరీక్షించారు. మన పిల్లలకు వేసిన టీకాల వెనక ఆ మూగజీవాలు ఉన్నాయి. వాటి రక్తం చేత్తో పట్టుకున్న దాన్ని కాబట్టి నాకు ఆ మాట బరువుగానే ఉంటుంది.

అలిపిరి మెట్ల దారిలో, కపిలతీర్థంలో, తలకోనలో మన కళ్ల ముందు తిరిగేది రీసస్ కాదు. తల మీద వెంట్రుకలు నడినెత్తిన పాపిడి తీసి టోపీ పెట్టినట్టుండే, తోక పొడుగాటి బానెట్ కోతి. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా ఉండదు. దానికీ రీసస్‌కూ దగ్గరి చుట్టరికమే, అయినా రీసస్ గీతలు పెట్టి దీన్ని కొలిస్తే ఎంతో కొంత తప్పుతుంది. పైగా పుస్తకాల్లోవి బోనులో లెక్క ప్రకారం దాణా తిన్నవి, క్వారంటైన్‌లో ఉన్నవి, టీబీ లేదని తేలినవి. టీబీ పరీక్ష కోసం వాటి పైకనురెప్పలో సన్నసూదితో ట్యూబర్‌క్యులిన్ చుక్క ఎక్కించి, 24, 48, 72 గంటలకు బోను బయటి నుంచే రెప్ప వాచిందా లేదా అని చూసేవాళ్లం. మన కొండ కోతి అట్లా పెరగదు. భక్తులు పెట్టే పులిహోర, బిస్కెట్లు, కొబ్బరిచిప్పలు తింటుంది. కడుపులో పురుగులు ఉంటాయి. దానికి ఏది మామూలో దాన్నే అడగాలి.

నా సొంత నోటుపుస్తకంలో 31 బానెట్ కోతుల అంకెలున్నాయి. 31 చాలవు, అవి కూడా బోనువే. మన ఊళ్లో మాత్రం కావలసినవన్నీ ఉన్నాయి. 1955 నుంచి ఇక్కడ పశువైద్య కళాశాల ఉంది, 2005 నుంచి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, జూపార్కు ఉంది, కొండ కోసం అటవీశాఖ ఉంది. కోతుల బెడద ఎక్కువైనప్పుడు పట్టి అడవిలో వదలాలని, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయాలని మీ పత్రికలోనూ ఎన్నోసార్లు వచ్చింది. తెలంగాణలో నిర్మల్ దగ్గర దానికోసం 2020లో ఒక కేంద్రమే తెరిచారు. నేను అడిగేది కొత్తగా కోతుల్ని పట్టమని కాదు. ఏ కారణానికైనా చట్టప్రకారం అనుమతి తీసుకుని పట్టినప్పుడు, ఎట్లాగూ మత్తిస్తారు కదా, ఆ మత్తులోనే తొడ దగ్గరి సిర నుంచి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసిపెట్టమని. మూడు కిలోల కోతికి ఒంట్లో 170, 180 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. రెండు మిల్లీలీటర్లు దానికి ఏ ఇబ్బందీ చేయవు.

కొన్ని పనులు మాత్రం సరిగా జరగాలి. రక్తకణాలు లెక్కించే సీబీసీ పరీక్షకు ఊదా మూత ట్యూబు, గ్లూకోజ్‌కు బూడిదరంగు మూత ట్యూబు వాడాలి. గ్లూకోజ్‌ను మామూలు ట్యూబులో ఉంచితే ఎర్రకణాలే దాన్ని తినేస్తాయి, మన ఊరి ఎండలో మరీ త్వరగా. ఐస్ పెట్టె దగ్గరుండాలి. ట్యూబును గట్టిగా కుదిపితే కణాలు పగిలి పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. వయసు పళ్లు చూసి రాయాలి, ఆడదైతే కడుపుతో ఉందేమో, పాలిస్తోందేమో రాయాలి, మత్తు ఎంత ఇచ్చారో, ఎన్ని నిమిషాలకు రక్తం తీశారో రాయాలి. మూత్రం కోసం ట్రేల బాధ లేకుండా, మత్తులో ఉన్నప్పుడే డాక్టరుగారు సూదితో మూత్రాశయం నుంచి తీస్తే శుభ్రమైన శాంపిల్ దొరుకుతుంది. చేతులకు గ్లౌజులు, ముఖానికి మాస్క్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఈ జాతి కోతుల ఉమ్మిలో బి వైరస్ ఉండొచ్చు. వాటికి పెద్దగా ఏమీ చేయదు గానీ మనిషి మెదడుకు ఎక్కితే ప్రాణం తీస్తుంది. 1932లో అమెరికాలో కోతి కరిచి చనిపోయిన ఒక డాక్టరు నుంచే అది మొదట బయటపడింది. మా వీధి కుర్రాళ్లు ఉత్త చేతులతో ఆ పిల్లను ఎత్తుకొచ్చారని తెలిసి వాళ్లను కోప్పడ్డాను, గీతలు పడ్డ ఇద్దరిని ఆ పూటే ఆస్పత్రికి పంపాను. రేబిస్ టీకాలు కూడా మొదలుపెట్టారు.

ఏడాదికి 40 కోతుల చొప్పున చేసినా మూడేళ్లలో 120 అవుతాయి. పిల్లలవి, పెద్దలవి, ఆడవి, మగవి విడివిడిగా కట్టాలంటే ఇంకొంత కాలం పడుతుంది. అంతదాకా ఒక చిన్న పని ఇప్పుడే చేయొచ్చు. జంతువు శాంపిల్ వచ్చినప్పుడు మనుషుల ల్యాబులు రిపోర్టులో నార్మల్ గడి ఖాళీగా వదిలేసి, హెచ్, ఎల్ గుర్తులు తీసేసి, ఉత్త అంకెలు ఇస్తే చాలు. కంప్యూటర్లో అది రెండు నిమిషాల పని. ఆ అంకెలకు అర్థం డాక్టరుగారు చెబుతారు. మీ పత్రిక విలేఖరులకు కూడా ఒక మనవి. గాయపడ్డ కోతి, ఎలుగు, జింక వార్త రాసేటప్పుడు వీధిలో చెప్పుకునే జబ్బు పేరు రాయకుండా వైద్యం చేసిన పశువైద్యుడి మాట అడిగి రాయండి.

నా నోటుపుస్తకం జిరాక్స్ తీయించి పెట్టుకున్నాను. విశ్వవిద్యాలయం వాళ్లు గానీ అటవీశాఖ వాళ్లు గానీ ఈ పని మొదలుపెడితే మీ కార్యాలయం ద్వారా నాకు కబురు చేయండి, తెచ్చి ఇస్తాను. కోతుల్ని పట్టే రోజు ముందుగా చెబితే రక్తం స్లైడ్లు చదవడానికి కూడా వస్తాను. పోయిన ఏడాది కంటి ఆపరేషన్ అయింది. మైక్రోస్కోపు ముందు ఇంకా రెండు గంటలు కూర్చోగలను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
కపిలతీర్థం దగ్గర, తిరుపతి.
(పేరు అచ్చు వేయవద్దని మనవి)